సీసా మీది ఆఖరి మాట

మా ల్యాబులో దాన్ని అందరూ సెలైన్ అనే అంటారు. రిజిస్టరులో మాత్రం పూర్తి పేరు రాయాలి: బఫర్డ్ సోడియం క్లోరైడ్ పెప్టోన్ ద్రావణం, పీహెచ్ 7.0. పీహెచ్ అంటే ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె, 7 అంటే తటస్థం, తగ్గితే ఆమ్లం. బఫర్డ్ అంటే ఆ అంకె తేలిగ్గా కదలకుండా చేసినది. ఆసుపత్రిలో చేతికి ఎక్కించే సెలైన్‌లోనూ ఇందులోనూ నీళ్లు కాక ఉమ్మడిగా ఉండేది ఉప్పు ఒక్కటే. యోగి వేమన విశ్వవిద్యాలయంలో మైక్రోబయాలజీ ఎమ్మెస్సీ పూర్తిచేసి, కడప శివార్లలోని ఒక చిన్న మందుల పరీక్షశాలలో చేరిన రోజున నాకు అప్పగించిన పని ఈ సెలైన్ కలపడమే. బ్యాక్టీరియాను గుర్తించే పని ఇస్తారనుకుని వెళ్లిన నాకు మనసు చిన్నబోయింది. రెండేళ్ల తర్వాత, ఒక మే నెలలో, ఆ సెలైనే నాకు మూడు వారాల పాటు నిద్ర లేకుండా చేసింది.

ముందు ఆ పని ఎలా ఉంటుందో చెప్పాలి. మాత్ర గానీ, సిరప్ గానీ, పూత మందు గానీ మార్కెట్లోకి వెళ్లే ముందు అందులో ఎన్ని సూక్ష్మజీవులున్నాయో లెక్కపెడతారు. పది గ్రాముల మందును, లేదా పది మిల్లీలీటర్ల సిరప్‌ను, తొంభై మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపి, అందులోంచి ఒక మిల్లీలీటరు పెట్రి ప్లేటులో వేసి, పైన గోరువెచ్చని ఎగార్, అంటే చల్లారితే గడ్డకట్టే పోషక ద్రవం, పోస్తాం. బ్యాక్టీరియా ప్లేట్లు 30 నుంచి 35 డిగ్రీల దగ్గర, బూజుల ప్లేట్లు 20 నుంచి 25 డిగ్రీల దగ్గర ఉంచాలి. బయట నలభై రెండు డిగ్రీలు కాసే కడప ఎండల్లో ఆ రెండోది నిలబెట్టాలంటే చల్లబరిచే యంత్రం ఉన్న బీవోడీ ఇంక్యుబేటరు తప్పనిసరి. కొన్ని రోజుల తర్వాత కాలనీలు, అంటే సూక్ష్మజీవులు పెరిగి కట్టిన చుక్కల్లాంటి గుంపులు, లెక్కపెడతాం. నోటితో తీసుకునే సిరప్ అయితే మిల్లీలీటరుకు బ్యాక్టీరియా వంద, ఈస్టులూ బూజులూ కలిపి పది దాటకూడదు. ఈ.కోలై అనే బ్యాక్టీరియా అసలే కనిపించకూడదు.

సెలైన్ తయారీ విధానం పుస్తకంలో నాలుగు వరుసలకు మించదు. లీటరు శుద్ధజలంలో పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేటు 3.6 గ్రాములు, డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేటు డైహైడ్రేటు 7.2 గ్రాములు, సోడియం క్లోరైడు 4.3 గ్రాములు, మాంసకృత్తులను విడగొట్టి చేసిన పెప్టోన్ పొడి 1 గ్రాము. కరిగించి, ఆవిరి ఒత్తిడితో సూక్ష్మజీవులను చంపే ఆటోక్లేవులో 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉంచాలి. అంతే.

చేతికి వచ్చేసరికి మాత్రం అది అంతే కాదు. పెప్టోన్ గాలిలో తేమను లాగేస్తుంది. వానాకాలంలో డబ్బా మూత రెండు నిమిషాలు తెరిచి ఉంచితే చాలు, పొడి ముద్దకట్టి చెంచాకు బెల్లంలా పట్టుకుంటుంది. దాన్ని ఆఖరున తూచి వెంటనే నీళ్లలో వేయాలి. నేరుగా వేస్తే ఉండలు కడుతుంది కాబట్టి కొద్ది నీటిలో తడిపి తర్వాత కలపాలి. సీసాల్లో తొంభై మిల్లీలీటర్లు పోస్తే ఆటోక్లేవులోంచి బయటికి వచ్చేసరికి అది కొంత తగ్గుతుంది. తగ్గితే పదో వంతుకు పలచన చేశామని మనం రాసే మాట అబద్ధమవుతుంది. ఎంత తగ్గుతుందో మా ఆటోక్లేవులోనే పదిసార్లు కొలిచి, అంత మేర ముందే ఎక్కువ పోయడం నేర్చుకున్నాను. మూతలు బిగించకుండా వదులుగా పెట్టాలి, చల్లారాక బిగించాలి. పీహెచ్ వేడి మీద చూడకూడదు. 25 డిగ్రీలకు చల్లారనిచ్చి, మీటరును 4, 7, 10 ప్రామాణిక ద్రావణాలతో సరిచూసుకుని, అప్పుడు కొలవాలి.

మొదటి పాఠం నీళ్ల దగ్గరే తగిలింది. మాది సున్నపురాతి నేల. ఇంట్లో బిందె అడుగున, కుళాయి మూతి చుట్టూ తెల్లటి పొర కట్టని ఇల్లు మా వీధిలో లేదు. ఒకరోజు ల్యాబులో నీటిని శుద్ధి చేసే యంత్రం ఆగిపోయి, సీసాలను చివరిసారి బోరు నీళ్లతో కడిగి ఆరబెట్టారు. ఆ సీసాల్లో పోసిన సెలైన్ ఆటోక్లేవులోకి తేటగా వెళ్లి, అడుగున పలచని తెల్లటి మబ్బుతో తిరిగి వచ్చింది. గాజుకు అంటిన కాల్షియం, సెలైన్‌లోని ఫాస్ఫేటుతో కలిసి, వేడికి విడిపోయి అలా దిగింది. నలభై సీసాలు పారబోశాం. మా సీనియర్ అక్క ఆ రోజు ఒక్క మాట కూడా కోప్పడలేదు. ఒక సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకుని, "చూడమ్మా, మన ఊరి నేల ఇందులోకి వచ్చింది" అంది.

అందులో ఏది ఎందుకుందో కూడా అక్కే చెప్పింది. మామూలు నీళ్లలో బ్యాక్టీరియాను వేస్తే లోపలి ఉప్పులు ఎక్కువ, బయటివి తక్కువ కాబట్టి నీరు కణంలోకి చొరబడుతుంది. అప్పటికే దెబ్బతిని ఉన్న కణాలు ఆ ఒత్తిడికి చచ్చిపోతాయి. ఉప్పు అందుకే. పెప్టోన్ అవి పెరగడానికి కాదు, ప్లేటు ఎక్కేదాకా వాటిని కాపాడటానికి. మందు తయారీలో వేడినీ, ఎండబెట్టడాన్నీ, రసాయనాలనూ తట్టుకుని మిగిలిన సూక్ష్మజీవి సగం చచ్చి ఉంటుంది. మనం కలిపే ద్రావణమే దాన్ని పూర్తిగా చంపేస్తే ప్లేటు శుభ్రంగా కనిపిస్తుంది, మందు మంచిదని సంతకం పెట్టేస్తాం. ఆ సిరప్ తాగేది జ్వరంతో ఉన్న పసిబిడ్డ.

ఫాస్ఫేట్ల సంగతి నాకు పుస్తకాల్లోంచి తెలుసు గానీ, మనసుకు ఎక్కింది మా ఇంటి నుంచే. మా నాన్నగారు బండల పాలిష్ పనిలో ఉన్నారు. మా వంటింటి గట్టు కూడా నల్లటి కడప బండే. దాని మీద నిమ్మకాయ కోస్తే అమ్మ ఊరుకోదు, వెంటనే నీళ్లు పోసి తుడిచేస్తుంది. రసం పడినచోట నునుపు పోయి తెల్లటి మచ్చ పడుతుంది. ఆ రాయి సున్నపురాయి, పడిన ఆమ్లాన్ని తాను కరుగుతూ తినేస్తుంది. సెలైన్‌లో ఆ పని డైసోడియం ఫాస్ఫేటుది. మందులోంచి వచ్చే ఆమ్లాన్ని అది తనలోకి తీసుకుని పీహెచ్‌ను నిలబెడుతుంది. రాయి ఎంత మందంగా ఉంటే అంత ఆమ్లం తింటుంది. ఫాస్ఫేటు కూడా అంతే, ఎంత ఉందన్నదే ప్రశ్న. పీహెచ్ మీటరు ఆ ప్రశ్నకు జవాబు చెప్పదు. ఇది నాకు తర్వాత తెలిసింది.

ఆ మే నెలలో కొత్త డైసోడియం ఫాస్ఫేటు సీసా తెరిచాం. పాతది అయిపోయింది, కొత్తది వేరే సరఫరాదారు నుంచి వచ్చింది. మూత తీయగానే తేడా కనిపించింది. పాతది మెత్తని తెల్లటి పొడి, ఇదేమో కలకండ పలుకుల్లా పెద్దగా, నీటి రంగులో మెరుస్తున్న స్ఫటికాలు. శుద్ధమైన రసాయనం కాబట్టి స్ఫటికాలు అందంగా ఉన్నాయనుకున్నాను. 7.2 గ్రాములు తూచి కలిపాను. పీహెచ్ 6.71 చూపింది. 6.8కి తగ్గకూడదు, 7.2 దాటకూడదు.

అంతవరకూ ఎప్పుడైనా పీహెచ్ తగ్గితే సోడియం హైడ్రాక్సైడు అనే క్షారం చుక్కలతో సరిచేసేవాళ్లం. ఈసారి చుక్కలు చాలలేదు. 1 నార్మల్ గాఢత ఉన్న ద్రావణం లీటరుకు దాదాపు 8 మిల్లీలీటర్లు పట్టింది. రిజిస్టరులో ‘సరిచేయడమైనది, 7.02’ అని రాశాను. అక్క చూసి సంతకం పెట్టింది. ఆ ఎనిమిది మిల్లీలీటర్ల దగ్గర మేమిద్దరం ఆగి ఆలోచించి ఉండాల్సింది.

అదే వారం పిల్లల సిరప్ ఒకటి వచ్చింది. నారింజ రుచి, సిట్రిక్ ఆమ్లం, చెడిపోకుండా సోడియం బెంజోయేటు. కొత్త ఉత్పత్తి కాబట్టి ముందు పద్ధతి పనికొస్తుందో లేదో తేల్చాలి. అంటే, సిరప్ కలిపిన సెలైన్‌లో మనమే తెలిసిన సూక్ష్మజీవులను వందకు మించకుండా వేసి, అవి తిరిగి కనిపిస్తాయో లేదో చూడటం. సిరప్ లేని సెలైన్‌లో వచ్చే సంఖ్యతో పోలిస్తే సగానికి తగ్గకూడదు, రెట్టింపు దాటకూడదు. బెంజోయేటు వాటిని చంపకుండా దాన్ని అణచడానికి పాలిసార్బేట్ 80, లెసిథిన్ కూడా కలిపాం. స్టఫైలోకాకస్ ఆరియస్, బాసిల్లస్ సబ్టిలిస్, సూడోమోనాస్ ఎరుజినోసా, కాండిడా ఆల్బికాన్స్, ఆస్పర్జిల్లస్ బ్రసిలియెన్సిస్: ఐదింటినీ వేశాం.

మూడో రోజు సూడోమోనాస్ ప్లేట్లు తీశాను. ఆకుపచ్చ రంగుతో ద్రాక్షపళ్ల వాసన వేసే కాలనీలవి, చూడగానే పోల్చుకోవచ్చు. సిరప్ లేని ప్లేట్ల సగటు 62. సిరప్ ఉన్నవాటి సగటు 24. సగానికి చాలా దిగువ. స్టఫైలోకాకస్ 55కు 31 వచ్చి అంచు మీద గట్టెక్కింది. బూజూ ఈస్టూ బాగానే ఉన్నాయి.

మళ్లీ చేశాం. మళ్లీ అదే. అందరి అనుమానమూ బెంజోయేటు మీదే. పాలిసార్బేట్ రెట్టింపు చేశాం, లెసిథిన్ పెంచాం, కొంచెమే మారింది. ఎగార్ మరీ వేడిగా పోస్తున్నానేమోనని థర్మామీటరు పెట్టి 45 డిగ్రీలకు దిగాకే పోశాను. కల్చరు పాతబడిందేమోనని కొత్త గొట్టం తెరిచాం. సూక్ష్మజీవులను కలిపిన ద్రవాన్ని రెండు గంటల్లోపు వాడాలి, మేము అరగంటలోనే వాడుతున్నాం. మేనేజరు గారు రోజూ సాయంత్రం వచ్చి, "ఏమైంది?" అని అడిగేవారు. సిరప్ కంపెనీ నుంచి ఫోన్లు. రాత్రి పడుకుంటే కళ్ల ముందు ప్లేట్లు. తప్పు నా చేతిలోనే ఉందని నాకు గట్టిగా అనిపించేది, ఎక్కడో తెలిసేది కాదు.

మూడో వారంలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, జనరేటరు మీద ఇంక్యుబేటర్లు మాత్రమే నడుస్తున్నాయి. చేసేందుకు వేరే పని లేక పద్ధతి కాగితాన్ని మొదటినుంచి మళ్లీ చదివాను. నమూనా కలిపిన తర్వాత అవసరమైతే పీహెచ్ 6 నుంచి 8 మధ్య ఉండేలా సరిచేయాలని అందులో ఉంది. మేము సెలైన్ పీహెచ్ చూశాం. సిరప్ కలిపిన తర్వాత చూడలేదు. ‘అవసరమైతే’ అనే మాటను మా ల్యాబు ‘అవసరం లేదు’ అని చదువుకుంటూ వచ్చింది. ఇది చిన్న తప్పు కాదని నా నమ్మకం, ఇప్పటికీ.

కరెంటు రాగానే తొంభై మిల్లీలీటర్ల సెలైన్‌లో పది మిల్లీలీటర్ల సిరప్ కలిపి పీహెచ్ మీటరు ఎలక్ట్రోడు ముంచాను. అంకెలు 7 నుంచి జారుతూ 6 దగ్గర ఆగుతాయనుకున్నాను. ఆగలేదు. 5.7 దగ్గర నిలిచాయి. బెంజోయేటు ఆమ్లం పెరిగే కొద్దీ పదునెక్కే పదార్థం. పీహెచ్ ఎంత దిగితే, కణంలోకి దూరగల బెంజోయిక్ ఆమ్లంగా అంత ఎక్కువ మారుతుంది. మేము దాన్ని ఒక చేత్తో అణుస్తూ, రెండో చేత్తో పదును పెడుతున్నాం.

అక్క వచ్చి చూసి, "సిరప్ ఆమ్లం ఎక్కువైనట్టుంది" అంది. కానీ నాకు అది సరిపోలేదు. మా దగ్గర పాత లాటు సెలైన్ సీసాలు రెండు, గడువు తీరనివి, చల్లటి గదిలో మిగిలి ఉన్నాయి. వాటిలో ఒకదానిలో అదే సిరప్ అంతే కలిపాను. 6.3. మీటరు కడిగి, సరిచూసి, మళ్లీ కొలిచాను. 6.3 మారలేదు. కలపక ముందు రెండు సెలైన్లూ 7 దగ్గరే ఉన్నాయి. అదే సిరప్, అదే కొలత. తేడా సెలైన్‌లోనే ఉంది.

అప్పుడు లేచి అల్మారా దగ్గరికి వెళ్లి కొత్త సీసా తీశాను. డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేటు అని పెద్ద అక్షరాలు. దాని కింద చిన్న అక్షరాల్లో డోడెకాహైడ్రేటు. ఆ కింద అణుభారం 358. పాత ఖాళీ సీసా ఇంకా పారేయలేదు. దాని మీద డైహైడ్రేటు, 178.

అక్కడే నిలబడి చేతి మీద పెన్నుతో లెక్క వేశాను. ఒక్కో అణువు వెంట రెండు నీటి అణువులు ఉండాల్సిన చోట పన్నెండున్నాయి. నేను తూచిన 7.2 గ్రాముల్లో సగానికి పైగా నీరే. కావాల్సిన ఫాస్ఫేటు రావాలంటే 14.5 గ్రాములు తూచాలి. లీటరులో మొత్తం ఫాస్ఫేటు గాఢత 0.067 మోలార్ ఉండాల్సింది, మాది 0.047 దగ్గర ఉంది. తగ్గింది ఆమ్లాన్ని తినే భాగం కాబట్టే పీహెచ్ 6.7కు దిగింది. సోడియం హైడ్రాక్సైడుతో నేను అంకెను సరిచేశాను గానీ లేని ఫాస్ఫేటును తెచ్చిపెట్టలేదు. మందం తగ్గిన బండకు పైన పాలిష్ పెట్టినట్టయింది. సిరప్ పడగానే అది అరిగిపోయింది.

అక్కకు చూపించాను. ఆమె రెండు సీసాలనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. "నేనూ చదవలేదు" అంది. ఆ మాట ఆమె మేనేజరు గారి ముందు కూడా అలాగే చెప్పింది, నా ఒక్కదాని మీదికి తోయలేదు. అందుకు ఆమెకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

తర్వాతి పది రోజులు కాగితం పనే. ఆ సీసాతో కలిపిన లాట్లు పదకొండు. వాటితో ఏయే నమూనాలు పరీక్షించామో రిజిస్టరు తిరగేసి జాబితా రాశాం. తటస్థంగా ఉండే మాత్రలకు పెద్ద తేడా రాకపోవచ్చని మేనేజరు గారు అన్నారు. అయినా భద్రపరిచిన నమూనాలు తీసి అన్నింటినీ మళ్లీ చేద్దామని అక్క పట్టుబట్టింది. ఆ కంపెనీలకు ఉత్తరాలు రాశాం. ఒకాయన ఫోనులో కోప్పడ్డారు, కోప్పడే హక్కు ఆయనకుంది. మళ్లీ చేసిన నమూనాల్లో పరిమితి దాటినది ఒక్కటీ రాలేదు. ఆ ఆఖరి ప్లేటు లెక్కపెట్టిన సాయంత్రం వరకూ నేను ఇంట్లో సరిగా అన్నం తినలేదు.

డైహైడ్రేటు సీసా వచ్చాక సిరప్ పరీక్ష మొదటినుంచి చేశాం. ఈసారి సెలైన్ ఒక్క చుక్క క్షారం అడగకుండా 7.0 దగ్గర నిలిచింది. సిరప్ కలిపాక పీహెచ్ కొలిచి, 6.3 అని ప్రత్యేక గడిలో రాశాను. ఆ గడి అంతకుముందు మా కాగితంలో లేదు. సూడోమోనాస్ 66కు 51 వచ్చింది. స్టఫైలోకాకస్ 58కి 49. ప్లేటు వెనక మార్కరుతో చుక్కలు పెడుతూ నలభై దాటినప్పుడు చేయి వణికింది.

రసాయనాలు లోపలికి వచ్చేటప్పుడు రాసే పుస్తకంలో ఇప్పుడు పేరు పక్కన హైడ్రేటు, అణుభారం అని రెండు గడులున్నాయి. పద్ధతి కాగితంలో డైహైడ్రేటు 7.2 గ్రాముల పక్కన, అది దొరకకపోతే నిర్జల రూపం 5.74 గ్రాములు అని లెక్క కట్టి చేర్చాం. సెలైన్‌కు లీటరుకు ఒక మిల్లీలీటరు కన్నా ఎక్కువ క్షారం పడితే ఆపి, ఎవరినైనా పిలవాలని కూడా రాశాం.

ఆ డోడెకాహైడ్రేటు సీసా ఒకటి మిగిలింది, అర కిలోకి కొంచెం తక్కువ. 14.5 గ్రాముల లెక్కతో వాడేద్దాం, డబ్బు పోసి కొన్నాం కదా అన్నారు మేనేజరు గారు. తప్పేమీ లేని మాట. జూన్ మొదట్లో దాన్ని తూచడానికి మూత తీశాను. కలకండలా మెరిసిన పలుకుల అంచులన్నీ పిండి చల్లినట్టు తెల్లబడి ఉన్నాయి. మా వేసవి పొడి గాలికి, సరిగా బిగించని మూత సందులోంచి, స్ఫటికాలు తమ నీటిని వదులుకుంటున్నాయి. చెంచాతో నొక్కితే పైపొర పొడిగా రాలింది, లోపల ఇంకా గాజులా ఉంది. ఒక్కో అణువు వెంట ఇప్పుడు పన్నెండు నీటి అణువులున్నాయో, ఏడున్నాయో తక్కెడ చెప్పదు. అక్కను పిలిచి చూపించాను. ఆమె మూత పెట్టి, సీసా మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత గీసింది.